దిగినవాడికి ఒక మాట

మే 4
పొద్దున ఐదున్నరకే ఎండ. పడమటి గాలి. మబ్బు లేదు.

ఒకటో గట్టు నుంచి పన్నెండో గట్టు దాకా నడిచి మంచినీళ్ళ చెరువులు చూశాను. లీటరు నీటిలో ఉప్పు ఎన్ని గ్రాములో ఉప్పుపుల్ల చెబుతుంది. అన్నిటికంటే తక్కువ ఏడో గట్టు, 1.9. అన్నిటికంటే ఎక్కువ పదకొండో గట్టు, 3.2. ఒకటి దాటితే తాగకూడదు. తాగుతున్నారు. వేరే నీళ్ళు లేవు. చుట్టూ ఉన్నది సముద్రం.

తూములకు అడ్డంపడ్డ తుంగ తీశాను. నీళ్ళ స్టేషన్ కప్పు మీద కరెంటిచ్చే ఎండపలకలు తుడిచాను. ఇంటికి వచ్చేసరికి మోకాళ్ళ దాకా బురద. దారిలో ఇరవై ముగ్గురు ఎదురయ్యారు. ఇరవై మూడు సార్లు దారి ఇచ్చి బురదలోకి దిగాను.

లుంగీ చూసి మా ఆవిడ మరియమ్మ మొదలుపెట్టింది. "ఇరవై ముగ్గురు ఇరవై మూడు మాటలు చెప్పుంటారు. నాకు ఒక్కటన్నా చెప్పవు. బురద మాత్రం నాకు తెచ్చిస్తావు."

"ఐదో గట్టు మీద మేక ఈనింది" అన్నాను.

"విన్నదే" అంది.

మే 5
గాలి లేదు. ఉక్క. పది గంటలకు కొండ మకాం నుంచి పడవ వచ్చింది. ఆఫీసరు హేమసుందరి గారు దిగారు. వయసు ముప్పై లోపు. గట్ల మీదికి ఆమె రావడం ఇది రెండోసారి. ఆరు తొట్లలో నాచు తెచ్చారు.

చింతాకంత ఆకు. పచ్చగా ఉంది. నీళ్ళలో ఉప్పు తాగుతుందట. పన్నెండు రోజులకు ఎర్రబడుతుంది. ఎర్రబడినదాన్ని తీసేస్తే ఉప్పు దానితో బయటికి వస్తుంది. సగం తీసి సగం వదిలితే నాలుగు రోజులకు మళ్ళీ రెండింతలు. పశువుకూ మనిషికీ హాని లేదని కాగితంలో ఉంది. బాతులు మాత్రం రానివ్వకూడదు. చుట్టూ వల కట్టాలి, పొద్దున సాయంత్రం కర్రతో తిప్పాలి. పన్నెండు చెరువులకు నేను ఒక్కడినే చేయలేను. ఏ గట్టువాళ్ళు ఆ గట్టుకు చేసుకోవాలి.

ఇంకో కాగితం కూడా తెచ్చారు. జూన్ 10న పెద్ద పడవ వస్తుంది. ఆ రోజుకు పన్నెండింటిలో ఎనిమిది చెరువులు ఒకటి లోపు లేకపోతే గట్ల మీద ఉన్న 612 మందినీ ఎక్కించుకుని పోతుంది. స్టేషన్ మూసేస్తారు. ఆరేళ్ళ క్రితం దక్షిణపు గట్ల వాళ్ళు అలాగే వెళ్ళారు. కొండ మకాంలో గది మీద గది. వాళ్ళలో ఒక్కరూ తిరిగి రాలేదు. వాళ్ళ గట్లు ఇప్పుడు నీళ్ళ కింద ఉన్నాయి. కాపలా లేని గట్టు రెండు వానాకాలాలు కూడా నిలవదు.

నేను ఇక్కడ నీటి కాపరిగా చేరి ముప్పై ఒక్క ఏళ్ళు.

"అన్ని ఇళ్ళ పెట్టెల్లోనూ రేపు ఏడింటికి చెప్పిస్తాను ఏసుపాదం గారూ. ఒక్కపూటలో అందరికీ తెలిసిపోతుంది" అన్నారు.

"పెట్టెలో వద్దేమో మేడమ్" అన్నాను.

"ఎందుకు?"

ఎందుకో నాకు తెలుసు. చెప్పడానికి మాటలు కుదరలేదు. ఆమె పడవ ఎక్కి వెళ్ళిపోయారు.

మే 6
ఎండ. ఏడింటికి అన్ని పెట్టెలూ మాట్లాడాయి. పెట్టె ఎవరి గొంతుతోనైనా మాట్లాడుతుంది. వింటారని ఎవరింట్లో ఎవరు ముద్దో వాళ్ళ గొంతు పెడుతుంది. అందుకే ఎవరూ నమ్మరు. చాలా ఇళ్ళలో దాని మీద చాప కప్పి ఉంటుంది.

నాలుగో గట్టు మీద బలుసు నాంచారమ్మ పిన్ని ఎదురైంది. డెబ్బై దాటింది. పన్నెండు గట్ల మీద ఆమెకు తెలియని మాట లేదు. ఆమె బురదలో దిగగా చూసినవాళ్ళు లేరు. ఇక్కడ గట్టు దారి మూరెడు వెడల్పు. ఇద్దరు ఎదురైతే ఒకరు దిగాలి. దిగినవాడికి పైనున్నవాడు ఒక మాట చెప్పాలి. అది కొత్తదై ఉండాలి, నిజమై ఉండాలి. దిగినవాడు "విన్నదే" అన్నాడా, చెప్పినవాడు తనూ దిగి దారి ఇవ్వాలి. అబద్ధం చెప్పి దొరికిపోయినవాడిని ఏడాది పాటు "పెట్టె" అని పిలుస్తారు. పెళ్ళిళ్ళలో కూడా.

నేను కొలిచినవే చెప్పగలను. నేను కొలిచేది అందరికీ తెలిసిందే. అందుకని ఎవరు కనబడినా ముందే దిగిపోతాను.

"నేను నోరు తెరవకముందే దిగితే ఎట్టా నాయనా? కాసేపు బేరమన్నా ఆడనియ్యవు" అంది పిన్ని. నా వాటా మాట చెప్పింది. "పొద్దున మా ఆయన మాట్లాడాడు."

ఆయన పోయి తొమ్మిదేళ్ళు.

"చెరువులో నాచు ఏసుకోమంటన్నాడు. బతికున్నప్పుడు నాచు గురించి ఒక్క ముక్క మాట్లాడిన మనిషి కాదు."

"వేస్తావా పిన్నీ?"

"పోయిన సంవత్సరం ఇదే గొంతు చెప్తే కప్పుకి రేకులేయించా. ఇప్పటికీ కురుస్తానే ఉన్నయ్యి. పెట్టె మీద చేపలగంప బోర్లించి వచ్చా."

మే 9
వడగాడ్పు. నాచు కోసం ఎవరూ రాలేదు. మేడమ్ పెట్టెలో అడిగారు, ఎందరు తీసుకెళ్ళారని. సున్నా అని చెప్పాను. అయితే రోజుకు మూడుసార్లు చెప్పిస్తానన్నారు.

ఈ రోజు నేను దిగకూడదని అనుకుని బయలుదేరాను. ఎదురైన మొదటి మనిషి దిగాడు. నాచు సంగతి చెప్పాను. "విన్నదే" అన్నాడు. దిగాను. రెండో మనిషి విన్నదే. మూడో మనిషి విన్నదే. ఏడుగురి దాకా చూసి మానేశాను.

ఎనిమిదో గట్టు రేవులో వీర్రాఘవులు పడవ కడుతున్నాడు. గట్టు గట్టుకూ చేపలు చేరవేసే మనిషి. మీసానికి చాలా సేవ చేస్తాడు. "ఏం బావా, మాటల యాపారం మొదలెట్టావంట. సరుకు మాత్రం పాతది దించావు" అన్నాడు. రేవులో అందరూ నవ్వారు.

పెట్టె చెప్పిందాన్ని ఎవరూ నమ్మలేదు. కానీ అందరూ విన్నారు. విన్న మాట దారికి పనికిరాదు. దారికి పనికిరాని మాటను ఎవరూ ఇంటి నుంచి బయటికి తీసుకురారు.

మే 14
ఎండ ఎక్కువ. మధ్యాహ్నం నలభై మూడు డిగ్రీలు. చెరువులన్నిట్లో ఉప్పు పుల్ల మీద మూడు నాలుగు చుక్కలు పెరిగింది.

నాచు మాత్రం ఆగడం లేదు. ఆరు తొట్లూ నిండిపోయాయి. స్టేషన్ బకెట్లు, మా ఇంటి బిందెలు, చివరికి ఊరగాయ జాడీ కూడా దానికే పోయాయి. "అన్నం దేంట్లో వండను? నీ నెత్తి మీదా?" అని మరియమ్మ.

మేడమ్ తెచ్చేసరికే కొంత పెరిగినది కాబట్టి తొట్లలోది ఎర్రబడింది. తీసి రేకు మీద ఎండబెట్టాను. ఎండకి పటపటమని పేలింది, మరమరాల్లా. మరియమ్మ వచ్చి రెండు నోట్లో వేసుకుంది. నేను వద్దనేలోపు చేటలోకి ఎత్తుకుని పోయింది. వెల్లుల్లి, ఎండుమిరపకాయ, చెంచాడు నూనె. అన్నంలో కలిపి పెట్టింది. ఉప్పగా, కొంచెం పుల్లగా ఉంది. రెండోసారి అడిగి పెట్టించుకున్నాను.

స్టేషన్ నియమాల్లో తొమ్మిదోది: పరీక్షకు పంపినవాటిని తినరాదు. తిన్నాను. తిన్నాను కాబట్టి రాస్తున్నాను.

మే 15
గాలి తిరిగింది, కొంచెం నయం. తూము దగ్గర ఆల్చిప్ప తగిలి పాదం తెగింది. మరియమ్మ గుడ్డ కట్టి, బురదలో పెట్టావంటే కాలు తీసేయాలి అని భయపెట్టింది. అయినా నీళ్ళు చూడాలి కదా అని కర్ర పట్టుకుని బయలుదేరాను.

మూడో గట్టు మధ్యలో నాంచారమ్మ పిన్ని ఎదురైంది. నేను దిగలేదు. ఆమె నా కాలు చూసింది. ముఖం వెలిగింది.

"ముప్పై ఒక్కేళ్ళకి దొరికావు" అంది. చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుంది. నా మాట వినడానికి తనే దిగింది. చీలమండల దాకా దిగి, నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "చెప్పు నాయనా."

"పదో గట్టు తూముకి పలక మార్చాను."

"విన్నదే. అయినా కాలు చూసి ఇంకోటి చెప్పనిస్తా."

"ఏడో చెరువు రెండు దాటింది."

"అది నా నాలిక్కే తెలుసు. ఇంకోటి. ఇదే ఆఖరు. లేకపోతే దిగు, కాలు పోతే పోయింది."

నా దగ్గర ఇంకొకటే ఉంది. "నాచు ఎర్రబడ్డాక ఎండబెట్టి వేయించుకుంటే బాగుంటుంది. మరియమ్మ వేయించింది. నేను తిన్నాను."

ఆమె నోట విన్నదే రాలేదు. పెట్టె ఇది చెప్పలేదు.

"రూలు ప్రకారం తప్పు పిన్నీ. ఎవరికీ చెప్పొద్దు" అన్నాను. మనసులో నిజంగానే ఉంది ఆ భయం. ముప్పై ఒక్క ఏళ్ళలో నా మీద ఒక్క రిమార్కు లేదు.

"నేనెవరికి చెప్తా నాయనా" అంది. తను ఎనిమిదో గట్టుకు పోవాల్సిన మనిషి. ఇప్పుడు వెనక్కి తిరిగి, వచ్చిన దారినే రెండో గట్టు వైపు పోయింది. ఆ వయసులో అంత వేగంగా నడవగలదని నాకు తెలియదు.

మే 16
ఎండ. పొద్దున్నే నలుగురు ఆడవాళ్ళు గిన్నెలతో వచ్చారు. "ఊరికే, మరియమ్మక్కని చూసి పోదామని." పోతూ గిన్నెల్లో నాచు వేసుకుని పోయారు. ఒకామె గుమ్మం దగ్గర ఆగి, "ఆఫీసరమ్మకి మేం చెప్పంలే" అని గుసగుసగా అంది.

మే 17
పంతొమ్మిది మంది వచ్చారు. అందరూ అదే గుసగుస. ఇరుగుపొరుగు ఒకరికొకరు కనబడకుండా వచ్చామనుకుని, మా వాకిట్లో ఎదురుపడి సిగ్గుపడ్డారు. మరియమ్మ మజ్జిగ ఇచ్చింది. సగం మజ్జిగ, సగం ఉప్పు నీళ్ళు.

మే 19
తొట్లు ఖాళీ. జాడీ కూడా తీసుకెళ్ళారు. పన్నెండు చెరువుల్లో పదకొండింటిలో నాచు పడింది. వలలు వాళ్ళే కట్టారు. తిప్పడానికి వంతులు వేసుకున్నారు. నేను ఒక్కరికీ చెప్పలేదు.

మేడమ్ నమ్మలేదు. మళ్ళీ లెక్కపెట్టమన్నారు. తర్వాత, ఎవరు ఎవరికి చెప్పారో తెలుసుకుని రాయమన్నారు. అడిగాను. దొరికినంత రాస్తున్నాను.

నాంచారమ్మ తన తోడికోడలికి చెప్పింది, ఎవరికీ చెప్పవద్దని. తోడికోడలు ఇద్దరికి చెప్పింది. వాళ్ళలో ఒకామెకు మోకాలి నొప్పి, నాచు తిన్న రోజు తక్కువగా ఉంది. ఆమె చెప్పినదగ్గర నుంచి అది మోకాళ్ళ మందు. ఆరో గట్టు మీద ఒకాయన తిని మధ్యాహ్నం దాకా నిద్రపోయాడు. అక్కడి నుంచి నిద్రమందు. దారి మాట నిజమై ఉండాలన్నది నియమం. "ఫలానా ఆమెకి తగ్గిందంట" అంటే అదీ నిజమే. ఆమె అలా అన్న మాట నిజమే కదా.

పదకొండో గట్టు మీద ఒక పెద్దాయన నేను దిగగానే నాకే చెప్పాడు. "నీళ్ళ స్టేషన్లో ఎవరో ఆడమనిషి నాచు ఏయించిందంట. ఆ వాసనకి పక్క గట్టు మీద పిల్లి ఈదుకుంటా వచ్చిందంట."

విన్నదే అందామనుకున్నాను. పిల్లి సంగతి వినలేదు. ఊరుకున్నాను. ఇంటికి వచ్చి మరియమ్మను అడిగాను.

"పిల్లి వచ్చింది. ఈదిందో లేదో నేను చూళ్ళేదు" అంది.

మే 22
వేడి గాలి. మూడో గట్టు చెరువులో నాచు లేదు. వల ఉంది, నాచు లేదు. బాతులు అనుకున్నాను. బాతులు కాదు. ఐదో చెరువులో సగం పోయింది. తొమ్మిదిలో ఒక మూల మాత్రం మిగిలింది.

"లేతది ఇంకా రుచంటన్నారు కదా" అంది మూడో గట్టు మీద ఒకామె, కడిగిన గంప ఆరబెడుతూ. "ఎర్రబడిందాకా ఎవరు ఆగుతారు? మా ఆడబిడ్డ పప్పులో ఏసింది."

పచ్చిది తీసేస్తే ఉప్పు తాగకుండానే పోతుంది. నీళ్ళు అలాగే ఉంటాయి. మూడో చెరువు 2.6. ఒక్క చుక్క తగ్గలేదు. ఇంకా పంతొమ్మిది రోజులే ఉన్నాయి. మిగతా చెరువులకు ఈ మాట రేపో ఎల్లుండో చేరుతుంది.

మేడమ్‌తో చెప్పాను. "పచ్చిది తినొద్దని ఈ సాయంత్రమే పెట్టెల్లో చెప్పిస్తాను" అన్నారు.

"వద్దు మేడమ్" అన్నాను.

"ఎందుకు?"

ఈసారి చెప్పాను. "పెట్టె చెప్పింది ఎవరూ నమ్మరు. కానీ అందరూ విన్నట్టు లెక్క. విన్నదాన్ని ఎవరూ మోయరు. ఒకసారి మీరు చెప్పించారంటే, ఆ తర్వాత మేము చెప్పుకోవడానికి కూడా పనికిరాదు."

"నాలుగు రోజులు ఆగుతాను" అన్నారు.

ముప్పై ఒక్క ఏళ్ళలో నేను ఒకే విడతలో ఇన్ని మాటలు మాట్లాడటం ఇదేనని మరియమ్మ అంటోంది.

మే 23
ఉక్క. పొద్దున్నుంచి గట్లన్నీ తిరిగాను. పచ్చిది కోయవద్దని అందరికీ చెప్పాను. అందరూ తల ఊపారు. సాయంత్రం పదో గట్టు మీద మళ్ళీ అడిగి చూశాను. పొద్దున నేను చెప్పిన ఇంటి పక్కింటికే ఆ మాట చేరలేదు. మధ్యలో ఉన్నది తడిక ఒకటే.

పిల్లి మాట నాలుగు రోజుల్లో పన్నెండు గట్లూ తిరిగింది. "వద్దు" అన్న మాట నేను మోసినంత దూరమే వచ్చింది.

మే 24
మధ్యాహ్నం నాలుగు చినుకులు. మట్టి తడవలేదు. నాంచారమ్మ పిన్ని ఇంటికి వెళ్ళాను. వల అల్లుతోంది. పెట్టె మీద గంప అలాగే ఉంది.

విషయం చెప్పాను. అల్లిక ఆపకుండానే వింది.

"'వద్దు' అనేదాన్ని ఎవరు మోస్తారు నాయనా? బురదలో దిగినోడికి 'ఫలానాది చెయ్యొద్దు' అని చెప్తే ఆడికి ఏం గిట్టుద్ది? ఇంటికెళ్ళి పెళ్ళానికి చెప్పుకోడానికన్నా పనికి రావాలి గదా."

"మరి ఎలా?"

"మాటలో మనిషుండాల. నవ్వుకోడానికి ఒక మనిషి." అల్లికసూది నా వైపు చూపించింది. "పచ్చిది తిన్నోళ్ళలో ఎవరికన్నా ఏమన్నా అయ్యిందా?"

రెండో గట్టు రేవులో వీర్రాఘవులు పడవ రెండు రోజులుగా కదలలేదు. ఇంజను పోయిందని చెప్పాడు. నేను పోతూ పోతూ ఇంజను చూశాను. బాగానే ఉంది. ఆ సంగతి చెప్పాను.

పిన్ని సూది పక్కన పెట్టింది. "పద" అంది.

వీర్రాఘవులు మంచం మీద ఉన్నాడు. ముఖం పీక్కుపోయింది. మీసం వాలిపోయింది. భార్య శేషారత్నం గంజి కాస్తోంది.

"ఇంజను ఎట్టుందిరా అబ్బాయ్?" అంది పిన్ని.

"ఇంకా స్టార్టవట్లేదు పిన్నీ."

"స్టార్టవడమేంటి, ఆగితే గదా!" అంది శేషారత్నం పొయ్యి దగ్గర నుంచి. "మూడో గట్టు మీద పందెం కట్టి గంపెడు పచ్చి నాచు నమిలొచ్చాడు, ఆవులాగ. అప్పట్నుంచి చెంబు కింద పెట్టలేదు."

"నోరు ముయ్యవే!"

ఇంట్లో జబ్బును ఇంటివాళ్ళు ఒప్పుకోకుండా గట్టు మీద చెప్పకూడదు. అదీ నియమమే. పిన్ని మంచం పట్టె మీద కూర్చుంది. విషయం చెప్పింది. చెరువులు, పెద్ద పడవ, జూన్ 10, అన్నీ. వీర్రాఘవులు గోడవైపు తిరిగాడు.

"కొండ మీదికి పోయినా పోతా గానీ, దీనికి ఒప్పుకోను. రేవులో తలెత్తుకోవద్దా? ఈ మీసం ఏమైపోవాల?"

"పన్నెండు గట్ల మీద పాతికేళ్ళుగా తిరుగుతన్నావు గదా. నీ గురించి ఎవడన్నా ఎప్పుడన్నా ఒక మాట చెప్పుకున్నాడా? నీ సేపల గురించి చెప్పుకున్నారు. మెత్తబడ్డయ్యని."

అతను ఇటు తిరిగాడు.

"నేను ఒకసారి చెప్పానంటే చాలు. పుట్టబోయే పిల్లలకి కూడా నీ పేరు తెలుస్తది. మీసం ఎట్టుంటదో కూడా చెప్తా. కావాలంటే ముందు మీసమే చెప్తా."

వీర్రాఘవులు పైకప్పు చూస్తూ ఆలోచించాడు. గంజి పొంగి శేషారత్నం దించింది.

"ఎన్నిసార్లు ఎల్లాననేది మాత్రం తగ్గించి చెప్పకూడదు" అన్నాడు. "పద్నాలుగు."

"పదకొండు" అంది శేషారత్నం.

"పద్నాలుగే!"

"చెంబు నింపింది నేను. పదకొండు."

"నిజం ఉండాల నాయనా. పదకొండే చెప్తా" అంది పిన్ని. "నువ్వేం బాధపడమాక. ఐదో గట్టు దాటేసరికి పద్నాలుగు అదే అవుద్ది."

పిడికెడు తింటే ఏమీ కాదు. అతను తిన్నది గంపెడు. గంపెడు అన్న సంగతి మాటలో పెట్టలేదు. అడిగితే చెబుతాను. ఇంతవరకు ఎవరూ అడగలేదు.

మే 26
ఎండ, మధ్యలో మబ్బు నీడలు. ఎనిమిదో గట్టు మీద ఒకతను నా ముందు దిగి, నేను నోరు తెరిచేలోపు తనే నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వు ఆగాక, "పచ్చిది తిన్నాడంట, ఇరవై ఆరు సార్లంట" అన్నాడు. దిగినవాడు చెప్పడం పద్ధతి కాదు. ఆగలేకపోయాడు.

పచ్చి నాచు మీద ఎవరూ చెయ్యి పెట్టలేదు. పన్నెండో చెరువులో కూడా నాచు వేశారు. మూడో చెరువుకు రెండో గట్టువాళ్ళు నాలుగు గంపలు ఇచ్చారు.

మే 29
వీర్రాఘవులు పడవ బయలుదేరింది. మీసానికి నూనె రాశాడు. ప్రతి రేవులోనూ జనం వచ్చి చూశారు. "ఎర్రబడిందా మావా?" అని అరిచారు. పడవలో లేచి నిలబడి దణ్ణం పెట్టాడు. చేపలు మధ్యాహ్నానికే అయిపోయాయి.

ఇప్పుడు గట్ల మీద ఎవరు ఎవరికి కనబడినా ముందు అదే అడుగుతున్నారు. ఎర్రబడిందా? కూర ఉడికిందా అనడానికీ అదే, పెళ్ళి కుదిరిందా అనడానికీ అదే. రోజుకు వందసార్లు అడుగుతారు, వందసార్లు చెరువు వైపు చూస్తారు. తొమ్మిదో చెరువులో వల కర్రకు కొబ్బరిపీచుతో మీసం కట్టారు. బాతుల కోసం అన్నారు. బాతులు దాని మీద కూర్చుంటున్నాయి.

జూన్ 2
తూర్పు గాలి. నాలుగో చెరువు పూర్తిగా ఎర్రబడింది. పొద్దున ఎండలో చూస్తే పసుపూ కుంకుమా కలిపి పోసినట్టు ఉంది. గట్టువాళ్ళందరూ దిగి చీరలతో, వలలతో తీశారు. మగవాళ్ళు గంపలు మోశారు. రేకుల మీద ఆరబోస్తే మధ్యాహ్నం గట్టంతా పటపట. గట్టు పొడవునా ఏ ఇంట్లో చూసినా వెల్లుల్లి వాసన. నాలుగు ఇళ్ళలో తినమని కూర్చోబెట్టారు. నాలుగింటా తిన్నాను. మరియమ్మ వేయించినదే బాగుంది. ఆ మాట ఎక్కడా చెప్పలేదు.

నాలుగో చెరువు: 1.2.

జూన్ 8
మబ్బు. వాన లేదు. పన్నెండు చెరువులూ చూశాను. ప్రతి చెరువు దగ్గరా జనం నిలబడి ఉన్నారు. ఉప్పుపుల్ల నీళ్ళలో పెట్టినంతసేపు ఎవరూ మాట్లాడలేదు. ఇక్కడ ఇంతమంది ఒకేసారి నోరు మూసుకోగా నేను చూడలేదు.

ఏడు: 0.6. నాలుగు: 0.7. ఒకటి, రెండు, ఆరు: 0.8. ఎనిమిది, పది: 0.9. ఒకటి లోపువి ఏడయ్యాయి. పన్నెండు ఆలస్యంగా వేసింది, 1.2. తొమ్మిది, 1.1. ఐదు, 1.1. పదకొండు, 1.4. మూడో గట్టు చివరికి మిగిలింది. పచ్చిది తినేసిన చెరువు.

0.9. పుల్ల తుడిచి ఇంకోసారి పెట్టాను. 0.9.

గంప ఆరబెట్టినామె అక్కడే ఉంది. "ఎంత?" అంది. చెప్పాను. ఆమె చెరువులోకి దిగి, దోసిలితో నీళ్ళు తీసుకుని తాగింది. తర్వాత అందరూ దిగారు. నన్ను కూడా దింపారు. ఈసారి ఎవరూ మాట చెప్పలేదు.

మేడమ్‌కు అంకెలు చదివాను. రెండోసారి చదవమన్నారు. చదివాను. ఆ తర్వాత వచ్చిన చప్పుడు నవ్వో ఏడుపో పెట్టెలో తెలియలేదు. "ఎవరు ఎవరికి చెప్పారో ఆ కాగితం జాగ్రత్తగా ఉంచండి" అన్నారు. ఇంకో సంగతి కూడా చెప్పారు.

జూన్ 9
గాలి వాన, అరగంట. తర్వాత తెరిపి. ఐదో గట్టు మీద నాంచారమ్మ పిన్ని ఎదురైంది. మోకాళ్ళ దాకా బురద. ఆమెను అలా చూడటం ఇదే మొదలు.

"పొద్దున్నుంచి ఇది మూడోసారి దిగడం" అంది. "ఏ మాట ఎత్తినా విన్నదే, విన్నదే. నాచు విన్నదే, ఈర్రాఘవులు విన్నదే, మూడో సెరువు విన్నదే. అందరికీ అన్నీ తెలిసిపోయినయ్యి నాయనా. బతకడం ఎట్టా?"

నేను దిగబోయాను. ఆమె ముందే దిగి ఉంది. కాబట్టి నేనే చెప్పాలి.

"కొండ మకాం బావుల్లో ఉప్పు దిగింది. 1.7. అక్కడ ఒక్కరికి కూడా నాచు సంగతి తెలియదు. పెట్టెల్లో చెప్పించనని మేడమ్ అన్నారు."

ఆమె విన్నదే అనలేదు. చీర కొంగుతో ముఖం తుడుచుకుంది.

"ఒక్కరికీ?"

"ఒక్కరికీ."

"ఈర్రాఘవులు సంగతి?"

"వాళ్ళకి వీర్రాఘవులు ఎవరో తెలియదు."

"పాపం" అంది. "అక్కడ గట్లున్నయ్యా?" అని అడిగింది.

"మెట్లున్నాయి. ఇరుకు. ఇద్దరు పట్టరట."

"అయితే ఎవరో ఒకరు ఆగాల గదా."

"ఆగాలి."

పైకి ఎక్కడానికి చెయ్యి అందించాను. పట్టుకుని ఎక్కింది.

జూన్ 10
తెల్లవారుజామున వాన. తర్వాత తేటగా ఉంది. తూర్పు గాలి. తూములు చూశాను.

ఉదయం 6:40కి పెద్ద పడవ ఒకటో గట్టు రేవుకు వచ్చింది. 612 మందికి చోటు.

7:25కి వెళ్ళింది. ఎక్కినవారు: బలుసు నాంచారమ్మ, నాలుగో గట్టు. సామాను: నాచు కుండలు రెండు, మూకుడు ఒకటి.